నౌకాయానమున సామాను నష్టము: ప్రయాణీకుని హక్కు, కర్తవ్యము

దూరప్రయాణము ముగించుకొని వచ్చిన బంధువును మన ఇండ్లలో మొదట ‘క్షేమముగా చేరితిరా?’ అని అడుగుదుము. పిమ్మట ‘సామానంతయు చేరినదా?’ అని అడుగుదుము. ఈ రెండవ ప్రశ్న చిన్నదిగా కనబడును. కాని ఇల్లు విడిచి పోవు మనిషి తన ఇంటిలో కొంత భాగమును పెట్టెలో సర్దుకొని పోవును. కావున ఆ పెట్టె చెడినప్పుడు కలుగు దుఃఖమును దాని వెలతో కొలువజాలము. ఐనను చట్టము వెలతోడనే కొలుచును. ఈ రెండు కొలతల నడుమ నున్న దూరమును మన విద్యార్థులు గ్రహింపవలెనను తలంపుతో ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

సముద్రప్రయాణము తెలుగువారికి క్రొత్తది కాదు. గోదావరీముఖమున నున్న కోరంగి రేవు పేరు మీదుగానే బర్మా దేశీయులు తెలుగువారిని ‘కోరంగీ’లని పిలిచిరి. కాకినాడ, విశాఖపట్టణము రేవుల నుండి వేలకొలది కూలీలు, వర్తకులు రంగూనుకు ఓడ యెక్కిరి. హజ్ యాత్రికులు 1995వ సంవత్సరము వరకు బొంబాయి నుండి జిద్దాకు ఓడలలో పోయెడివారు. మా నానమ్మగారి రేకుపెట్టె ఇప్పటికిని మా ఇంట నున్నది. దాని మూతపై తెల్లరంగుతో ఉర్దూలోను, ఆంగ్లములోను ఆమె పేరు వ్రాయబడి యున్నది. పెట్టెకు గోనెపట్ట చుట్టి, దబ్బనముతో కుట్టి, పైన మోకు బిగించి పంపిరని మా నాన్నగారు చెప్పుదురు. ఆనాటి వారికి ఒడంబడికలు తెలియవు. గోనెపట్టయే వారి బీమా.

నేడు ఓడ యెక్కువారి ప్రయోజనము వేరు. బ్రతుకుతెరువు కొరకు కాక విహారము కొరకు ఓడ యెక్కుచున్నారు. విశాఖపట్టణమున 2023 సెప్టెంబరులో అంతర్జాతీయ విహారనౌకల టెర్మినల్ ప్రారంభమైనది. విదేశములలో స్థిరపడిన సంతానము తల్లిదండ్రులను పిలిపించుకొని విహారనౌకలలో త్రిప్పుట మన మధ్యతరగతి కుటుంబములలోను వినవచ్చుచున్నది. అట్టి ప్రయాణమొకటి మేము ఈ విషయమును అధ్యయనము చేయుటకు కారణమైనది.

మామూజాన్ గారి పెట్టె

మా మేనమామగారు పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు. వారి కుమారుడు తల్లిదండ్రులను ఐరోపాకు రప్పించి, మధ్యధరా సముద్రముపై ఏడు దినముల విహారమునకు తీసికొని పోయెను. మామూజాన్ గారు తమ తండ్రిగారి చేతివ్రాత పుస్తకమొకటి మనుమలకు చూపవలెనని వెంట తీసికొని పోయిరి. అందు ఒక పుటలో ధాన్యపు లెక్కలు తెలుగున, ఎదుటి పుటలో ఇంటి విశేషములు ఉర్దూలో నుండెడివి. చివరి రాత్రి నౌకవారి ఆదేశము ప్రకారము సూట్‌కేసును గది తలుపు బయట నుంచిరి. పుస్తకము ఆ సూట్‌కేసులోనే యుండెను.

మరునాటి ఉదయము రేవులోని సామానుల హాలులో పెట్టెను చూడగా ఒక మూల పగిలి, జిప్పు విడిపోయి యుండెను. బయట బస్సు వేచియుండెను. వెనుక జనము నిలిచియుండిరి. ‘నలుగురిలో పెట్టె గురించి పేచీ యేల, పోనిండు’ అని మామూజాన్ గారు పెట్టెకు తువ్వాలు కట్టుకొని వచ్చివేసిరి. అక్కడి నుండి విమానమెక్కి స్వదేశము చేరి పెట్టె తెరచునప్పటికి అడుగున నీరు చేరి, పుస్తకములోని సిరా అంతయు ఒక నీలిమరకగా మారియుండెను.

నలుబది దినముల తరువాత వారు నౌకాసంస్థకు ఉత్తరము వ్రాసిరి. జవాబు మర్యాదగానే వచ్చినది. నౌక దిగునాడు తమకు ఎట్టి ఫిర్యాదును అందలేదనియు, కావున పెట్టె మంచి స్థితిలో అందినట్లే భావింపవలసి వచ్చుననియు, దెబ్బ విమానములో తగిలి యుండవచ్చుననియు దాని సారాంశము. మామూజాన్ గారు ఆ ఉత్తరమును మాకు చూపి ‘ఇది న్యాయమేనా, బేటా?’ అని అడిగిరి. వెంటనే సమాధానము చెప్పలేకపోతిమి. పిదప చదివి తెలిసికొన్నదానిని క్రింద క్రమముగా వివరించుచున్నాము.

1. సామాను నడక

విహారనౌకలో సామాను ప్రయాణీకునితో కలిసి నడువదు. రేవు వద్ద గది సంఖ్య వ్రాసిన చీటీ తగిలించి పెట్టెను హమాలీలకు అప్పగింపవలెను. అది ఎక్స్‌రే యంత్రము గుండ పోయి, ఇనుపబోను వంటి బండ్లలో ఇతరుల పెట్టెలతో పేర్చబడి, ఫోర్క్‌లిఫ్టు బండిపై ఓడలోనికి చేరి, సాయంకాలమునకు గది తలుపు వద్దకు వచ్చును. తిరుగుప్రయాణమున ఇదే నడక వెనుకకు జరుగును. చివరి రాత్రి రంగు చీటీ కట్టి పెట్టెను బయట నుంచినచో, ఉదయము రేవు హాలులో ఆ రంగు గుంపులో కనబడును. బండిపై అడుగున పడిన పెట్టె పైబరువునకు మూలలు పగులును. రేవుపై వాన కురిసినచో తడియును. చక్రము, పిడి, జిప్పు ముందుగా దెబ్బతినును.

ఈ నడకలో పెట్టె ఏయే చేతులలో నుండెనో తెలిసికొనుటయే నష్టపరిహార విచారణలో మొదటి మెట్టు. హమాలీ, నౌక, రేవు, బస్సు, విమానము అను ఇన్ని చేతులు మారిన పిదప ‘ఎవరి చేతిలో చెడినది?’ అను ప్రశ్నకు జవాబు చెప్పగలది ఆయా చోట్ల వ్రాయబడిన కాగితము మాత్రమే.

2. ఏథెన్సు ఒడంబడిక

సముద్రముపై ప్రయాణీకులను, వారి సామానును చేరవేయుటను గూర్చిన అంతర్జాతీయ ఒడంబడిక 1974 డిసెంబరు 13న ఏథెన్సు నగరమున కుదిరినది. 1987 ఏప్రిల్ 28న అమలులోనికి వచ్చినది. దానిని సవరించిన 2002వ సంవత్సరపు ప్రొటోకాల్ 2014 ఏప్రిల్ 23న అమలులోనికి వచ్చినది. ఐరోపా సమాఖ్య ఈ నియమములను తన సొంత శాసనముగా చేసికొని 2012 డిసెంబరు 31 నుండి అమలుపరచుచున్నది. అమెరికా సంయుక్త రాష్ట్రములు ఇందు చేరలేదు. కావున ఆ దేశపు రేవులలో ఎక్కి దిగు విహారములలో టికెట్టు వెనుక ముద్రించిన షరతులే ప్రధానము. టికెట్టు కొనుటకు ముందే ఆ షరతులను చదువవలెననుట ఇందుచేతనే.

ఈ ఒడంబడిక సామానును రెండు తరగతులుగా విభజించినది. ప్రయాణీకుని గదిలోనున్నది, లేదా అతని స్వాధీనములో నున్నది ‘గది సామాను’. నౌకవారి స్వాధీనమున నున్నది ‘ఇతర సామాను’. ఈ భేదము పేరులో చిన్నది, ఫలితములో పెద్దది. గది సామాను చెడినచో అది నౌకవారి తప్పు వలన చెడినదని ప్రయాణీకుడే రుజువు చేయవలెను. ఓడ మునుగుట, ఢీకొనుట, ఒడ్డెక్కుట, ప్రేలుడు, అగ్నిప్రమాదము, ఓడలోని లోపము అనువాని వలన చెడినచో మాత్రము తప్పు నౌకవారిదేనని ముందుగా భావింపబడును. ఇతర సామాను విషయమున భారము తలక్రిందులగును: తమ తప్పు లేదని నౌకవారే రుజువు చేసికొనవలెను. చివరి రాత్రి మామూజాన్ గారు తలుపు బయట నుంచిన పెట్టెను నౌకవారు తీసికొనినంతనే ఆ భారము వారిపై పడినది. ఈ సంగతి ఎరుగకపోవుటచే వారు హాలులో మౌనము వహించిరి.

ధనము, బంగారము, వెండి సామాను, నగలు, కళాఖండములు మొదలగు విలువైన వస్తువులకు నౌకవారు బాధ్యులు కారు. భద్రపరచుట కొరకని నౌకవారికి అప్పగించి, వారు అంగీకరించి పుచ్చుకొన్నచో మాత్రమే బాధ్యత కలుగును. ప్రయాణీకుని తప్పు కూడ కలిసినచో పరిహారము ఆ మేరకు తగ్గవచ్చును. మూత బిగింపని ఆవకాయ సీసా పట్టుచీరల నడుమ పగిలినచో ఓడను నిందింపరాదు.

3. గడువులు

విద్యార్థులు కంఠస్థము చేయదగినది ఈ భాగము. నష్టము కంటికి కనబడునదైనచో, గది సామాను విషయమున నౌక దిగుటకు ముందుగాని దిగునప్పుడుగాని, ఇతర సామాను విషయమున అది తిరిగి చేతికి అందుటకు ముందుగాని అందునప్పుడుగాని వ్రాతపూర్వకముగా తెలుపవలెను. నష్టము పైకి కనబడనిదైనచో, లేదా సామాను పోయినచో, దిగిన దినము నుండి గాని, సామాను అందిన లేక అందవలసిన దినము నుండి గాని 15 దినములలోగా తెలుపవలెను. దావా వేయుటకు గడువు 2 సంవత్సరములు. సామాను అందునప్పుడే ఇరుపక్షములు కలిసి తనిఖీ చేసి యున్నచో వేరుగా నోటీసు అక్కరలేదు.

ఈ గడువు దాటినచో హక్కు అంతటితో నశించునని పలువురు భ్రమపడుదురు. అది సరికాదు. గడువులో తెలుపనివాడు సామానును మంచి స్థితిలో అందుకొన్నట్లు భావింపబడును. ఐతే అందుకు విరుద్ధముగా రుజువు చూపినంతవరకే ఆ భావన నిలుచును.

మామూజాన్ గారి విషయమున ఈ ఒక్క వాక్యమే ఆధారమైనది. రేవు హాలులో మనుమడు అవ్వాతాతలకు ఒక ఛాయాచిత్రము తీసియుండెను. వారిద్దరు నవ్వుచు నిలిచిన ఆ చిత్రమున ప్రక్కన తువ్వాలు కట్టిన పెట్టె, దాని పగిలిన మూల, పిడికి వ్రేలాడు రంగు చీటీ స్పష్టముగా నున్నవి. తేదీ, వేళ ఫోనులో నమోదై యున్నవి. విమానమెక్కుటకు ముందే పెట్టె పగిలి యున్నదనుటకు ఇంతకన్న సాక్ష్యమేమి కావలెను? ఆ చిత్రమును జతపరచి మరల వ్రాయగా, సంస్థవారు పెట్టెకు, బట్టలకు కొంత పరిహారమిచ్చిరి. పుస్తకమునకు ఏమియు ఇయ్యలేదు. దానికి అంగడిలో వెల లేదు గదా.

4. పరిమితియు, లెక్కయు

పరిహారమునకు పై హద్దు కలదు. 2002 ప్రొటోకాల్ ప్రకారము ఒక్కొక్క ప్రయాణీకునికి ఒక ప్రయాణమునకు గది సామానుకు 2,250 యూనిట్లు, ఇతర సామానుకు 3,375 యూనిట్లు గరిష్ఠము. ఈ యూనిట్టు అంతర్జాతీయ ద్రవ్యనిధి 1969లో కల్పించిన లెక్కనాణెము. దానిని ‘ఎస్.డి.ఆర్.’ అందురు. డాలరు, యూరో, యువాన్, యెన్, పౌండు అను ఐదు నాణెముల మిశ్రమముపై దాని విలువ ఆధారపడును. ఒక యూనిట్టు ఒక అమెరికా డాలరుకన్న కొంత హెచ్చు.

క్రింది వైపున కూడ ఒక హద్దు కలదు. ఒప్పందములో వ్రాసికొన్నచో సామాను నష్టమునుండి 149 యూనిట్ల వరకు నౌకవారు మినహాయించుకొనవచ్చును. ఉదాహరణకు నష్టము 500 యూనిట్లైనచో చేతికి వచ్చునది 351. నష్టము 120 యూనిట్లే యైనచో ఏమియు రాదు. కావున విరిగిన చక్రము, ఊడిన పిడి వంటి చిన్న నష్టములకు ఒడంబడికను పట్టుకొని పోరాడుట వృథాశ్రమ. అట్టివానికి నౌకలోని రిసెప్షన్ కౌంటరులో అప్పుడే మర్యాదగా అడిగి మరమ్మతు చేయించుకొనుట, లేనిచో ప్రయాణబీమాను ఆశ్రయించుట మేలు. పాతపెట్టెకు క్రొత్తపెట్టె వెల అడుగుటయు సబబు కాదు. వాడిన కాలమునకు తగిన తరుగు తీసివేసి అడుగవలెను.

నౌకవారు ఉద్దేశపూర్వకముగా, లేదా నష్టము కలుగునని తెలిసియు లెక్కచేయక చెరచిరని రుజువైనచో పై హద్దు వారిని కాపాడదు. నష్టము జరుగుటకు ముందే బాధ్యతను తొలగించుచు గాని, ఒడంబడిక పరిమితికన్న తగ్గించుచు గాని టికెట్టుపై వ్రాసిన షరతులు చెల్లవు. విమానములో చెడిన పెట్టెకు నియమము వేరు. అంతర్జాతీయ విమానప్రయాణములకు వర్తించు మాంట్రియల్ ఒడంబడిక ప్రకారము సామాను అందిన 7 దినములలోగా విమానసంస్థకు వ్రాతమూలకముగా తెలుపవలెను. ఓడ దిగి విమానమెక్కువారు ఈ రెండు గడువులను వేరువేరుగా గుర్తుంచుకొనవలెను.

5. మన దేశపు చట్టములు

ముంబయి నుండి గోవాకు, చెన్నై నుండి విశాఖపట్టణమునకు పోవు నౌక వంటి స్వదేశీ ప్రయాణమున మన చట్టములే దిక్కు. భారత ఒప్పందముల చట్టము 1872 నాటిది. దాని 148వ సెక్షను ప్రకారము ఒక ప్రయోజనము కొరకు వస్తువును మరియొకరికి అప్పగించి, ఆ పని తీరినంతనే తిరిగి పొందుటకు చేసికొన్న ఏర్పాటు ‘బెయిల్‌మెంటు’. సాధారణ వివేకము గల మనిషి తన సొంత వస్తువును ఎట్లు కాపాడుకొనునో, అప్పగించిన వస్తువును అట్లే కాపాడవలెనని 151వ సెక్షను విధించుచున్నది. అట్టి శ్రద్ధ వహించినవాడు, వేరు ఒప్పందము లేనిచో, నష్టమునకు బాధ్యుడు కాడని 152వ సెక్షను చెప్పుచున్నది. పరుని సొత్తును తన సొత్తువలె చూడుమని పెద్దలు చెప్పు మాటనే చట్టము తన భాషలో చెప్పినది.

సేవలో లోపమునకు వినియోగదారుల రక్షణ చట్టము కలదు. 1986 నాటి చట్టమునకు బదులుగా 2019 చట్టము వచ్చి, 2020 జూలై నుండి అమలులో నున్నది. దీని ప్రకారము ఫిర్యాదిదారు తాను నివసించు జిల్లా కమిషనులోనే 2 సంవత్సరములలోగా ఫిర్యాదు చేయవచ్చును. సేవకు చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయలకు మించనిచో రుసుము లేదు. వకీలు లేకయే స్వయముగా వాదించుకొనవచ్చును.

6. ఆచరణ

పైన చెప్పినదానినంతయు ఇంటిలోని పెద్దలకు చెప్పదగిన రీతిలో సంగ్రహించుచున్నాము.

ఒకటి: పెట్టెను అప్పగించుటకు ముందు నాలుగు వైపుల, లోపలి వస్తువులతో సహా, ఛాయాచిత్రములు తీయవలెను. రెండు: వెల కట్టరాని వస్తువు, మందులు, పాస్‌పోర్టు, నగలు చేతిసంచిలోనే యుంచుకొనవలెను. మూడు: పెట్టె చేతికి రాగానే హాలులోనే చూచుకొనవలెను; చెడియున్నచో చీటీ త్రెంచక, హాలు విడువక అక్కడి అధికారికి వ్రాసి ఇచ్చి రసీదు పుచ్చుకొనవలెను. నాలుగు: పెట్టెను పారవేయక, మరమ్మతు అంచనాను, కొన్ననాటి బిల్లును భద్రపరచవలెను. ఐదు: బీమా యున్నచో వారికిని వెంటనే తెలుపవలెను.

రెండు భాషల ఈ సంచికలో ఒక మాట చెప్పుట అసందర్భము కాదు. సామాను, ఫిర్యాదు, రసీదు, జవాబు, దావా అను ఐదు మాటలును పారసీక అరబ్బీ భాషల నుండి వచ్చి ఉర్దూలోను, తెలుగులోను ఒకే విధముగా నిలిచినవి. ‘ఫిర్యాద్’ అనగా మొదట మొర, ఆర్తనాదము. ‘రసీద్’ అనగా చేరినది అని అర్థము. మొర పెట్టుటయే కాదు, అది చేరవలసిన చోటికి చేరినదని తెలుపు కాగితమును కూడ పుచ్చుకొనవలెనని ఈ రెండు మాటలును కలిసి మనకు బోధించుచున్నవి. ఫిర్యాదు పత్రమునకు మాదిరి నొకదానిని ఇచ్చుచున్నాము. విదేశీ నౌకవారికి ఆంగ్లమున వ్రాయవలసి యుండును గాని, క్రమము మాత్రము ఇదియే.

‘అయ్యా, నేను మీ నౌకలో ఫలానా తేదీ నుండి ఫలానా తేదీ వరకు, ఫలానా సంఖ్య గల గదిలో ప్రయాణము చేసితిని. నిన్న రాత్రి పదిగంటలకు ఫలానా సంఖ్య గల చీటీ కట్టిన నా పెట్టెను మంచి స్థితిలో మీ సిబ్బందికి అప్పగించితిని. ఈ ఉదయము ఎనిమిది గంటలకు హాలులో అది నాకు అందినది. దాని కుడివైపు మూల పగిలి, జిప్పు విడిపోయి యున్నది. లోపలి వస్తువులను ఇంకను పరిశీలింపవలసి యున్నది. వాని వివరము 15 దినములలోగా పంపుదును. ఛాయాచిత్రములను జతపరచితిని. దయచేసి పెట్టెను ఇప్పుడే తనిఖీ చేసి, ఈ పత్రము అందినట్లు సంతకము చేసి ప్రతిని నాకిప్పింప ప్రార్థన.’

ఇందు కోపపు మాట లేదు, ఆరోపణ లేదు. తేదీ, సంఖ్య, స్థితి, కోరిక అను నాలుగు విషయములు మాత్రమే యున్నవి. వ్రాయుటకు అయిదు నిమిషములు చాలును. బస్సు అంతసేపు ఆగును.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు నౌకలలోను, హోటళ్లలోను, విమానాశ్రయములలోను ఉద్యోగులగుదురు. అప్పుడు ఫిర్యాదును అందుకొను చేయి మీది కావచ్చును. ఎదుట నిలిచిన వృద్ధుడు సంకోచించుచున్నచో, ఒక కాగితము, కలము మీరే అందింపుడు. కళాశాల పాలకవర్గము వారికి మా విన్నపమొకటి: లేఖారచన పాఠమున సెలవుచీటీతో పాటు ఫిర్యాదు పత్రమును కూడ రెండు భాషలలోను అభ్యాసము చేయింప అవకాశము కల్పింతురు గాక.

మామూజాన్ గారు ఆ తడిసిన పుస్తకమును ఎండలో ఆరబెట్టి బీరువాలో దాచుకొనిరి. మొన్న వారింటికి పోయినప్పుడు క్రొత్త నోటుపుస్తకమొకటి మాకు చూపిరి. తమకు జ్ఞాపకమున్నంతవరకు తండ్రిగారి వ్రాతను మరల వ్రాయుచున్నారు: ఒక పుట తెలుగున, ఎదుటి పుట ఉర్దూలో.